పన్నెండు గంటల చదివింపులు

సినిమా వాళ్ళు తెర మీద ఏడిస్తే మనం ఏడుస్తాం. వాళ్ళు నవ్వితే నవ్వుతాం. హీరోగారి ఇల్లు కాలిపోతే రుమాలు తడుపుకుంటాం. మరి మన ఇంటి కప్పు నిజంగా ఎగిరిపోతే వాళ్ళేం చేస్తారు? ఈ ప్రశ్న మీరెప్పుడైనా వేసుకున్నారా? మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళకి 2014లో ఆ ప్రశ్న వేసుకోవలసిన అవసరం వచ్చింది. జవాబు కూడా వచ్చింది. అదీ టీవీలో, ఒక ఆదివారం నాడు, పొద్దున్న పది గంటల నించి రాత్రి పది గంటల దాకా!

ఆ ఆదివారం ముచ్చట్లే ఇప్పుడు చెప్పబోతున్నాను. అప్పటికి మరీ చిన్నపిల్లలుగా ఉన్న పాఠకుల కోసం కాస్త వెనక నించి అందుకుంటాను. విసుక్కోకండేం!

గంటల తరబడి ఆటా పాటా చూపిస్తూ, చూసేవాళ్ళ దగ్గర విరాళాలు పోగుచేసే టీవీ కార్యక్రమాన్ని 'టెలిథాన్' అంటారు. టెలివిజన్‌కీ మారథాన్‌కీ ముడిపెట్టి పుట్టించిన మాట అది. అమెరికాలో మిల్టన్ బెర్లే అనే హాస్యనటుడు 1949లో క్యాన్సర్ నిధి కోసం ఇలాంటిది చేశాడు. తర్వాత జెర్రీ లూయిస్ వచ్చాడు. మనం తెర మీద చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్న జెర్రీ లూయిసే! కండరాల జబ్బుతో బాధపడే పిల్లల కోసం 1966 నించి 2010 దాకా, ఏటా సెప్టెంబరు మొదట్లో వచ్చే సెలవుల్లో ఈ కార్యక్రమం నడిపించాడు. 1985 జులై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకేరోజు జరిగిన 'లైవ్ ఎయిడ్' పాటకచేరీని ప్రపంచమంతా టీవీల్లో చూసింది.

మాట మనకి కొత్తదేమో గాని పని మాత్రం పాతదే. మన భాషలో దాన్ని జోలె పట్టడం అంటారు. 1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు రామారావుగారూ, 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు రామారావుగారూ నాగేశ్వరరావుగారూ జనంలోకి వెళ్ళి విరాళాలు పోగుచేశారు. ఆ కథలు మా మామ్మ నోట పదిసార్లు విన్నాను. "మారాజులాటోడు ఈదిలోకొచ్చి జోలె పడితే ఎవులు కాదంతార్రా! సెవుల దుద్దులు తీసి ఏసినోలున్నారట," అనేది. ఆ కథ చెబుతున్నప్పుడల్లా మామ్మ చెయ్యి తన చెవి మీదికి పోయేది!

అయితే ఆ కథల్లో మేమెప్పుడూ ఇచ్చేవాళ్ళ వైపే ఉండేవాళ్ళం. పుచ్చుకునేవాళ్ళు మరెక్కడో దూరంగా ఉండేవాళ్ళు. మా వంతు వస్తుందని ఎవరనుకున్నారు!

హుద్‌హుద్ అనేది ఒక పిట్ట పేరు. తల మీద కిరీటంలా ఈకల కుచ్చు ఉంటుంది, చూడ్డానికి ముద్దొస్తుంది. ఒమన్ దేశం వాళ్ళు సూచించిన ఆ పేరు ఒక తుపానుకి అంటుకుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు ఆ 'పిట్ట' విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్ల దాకా ఉందన్నారు. సరిగ్గా ఏడాది కిందట, అదే తేదీన, ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మా శ్రీకాకుళం వాళ్ళ తోటల్ని కుదిపేసి పోయింది. అక్టోబరు రెండో వారం అంటే మా వైపు జనానికి గుండె దడ ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

మాది పూసపాటిరేగ మండలంలో సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె. నేనప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. దసరా సెలవులైపోయినా అప్పటికింకా ఊళ్ళోనే ఉన్నాను. 'గోవిందుడు అందరివాడేలే' విడుదలై రెండు వారాలు కాలేదు. రెండోసారి చూడ్డానికి స్నేహితులం సోమవారం పోదామని పథకం వేసుకున్నాం. సోమవారం నాటికి మా ఊరికి దారే లేదు! సరుగుడు తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడుకున్నాయి. కొబ్బరి చెట్లు మెడ విరిగి నిలబడ్డాయి. కరెంటు స్తంభాలు చెరుకు గడల్లా వంగిపోయాయి. మా డాబా గోడలు నిలిచాయి గాని, పశువుల శాల రేకులు ఎక్కడ పడ్డాయో ఈనాటికీ తెలీదు. మామ్మ ఉండే పెంకుటింట్లోంచి చూస్తే ఆకాశం కనిపించింది.

కరెంటు లేదు. సెల్‌ఫోనుకి సిగ్నలు లేదు. జనరేటరున్న ఒకాయన ఫోను చార్జింగుకి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. చార్జింగు పెట్టుకున్నా మాట్లాడ్డానికి లేదు. అయినా అందరూ పెట్టుకున్నారు, ఫోను వెలుగుతుంటే అదో ధైర్యం! ఆ నెల 23న దీపావళి. మా వీధిలో ఒక్క చిచ్చుబుడ్డి వెలగలేదు. కరెంటు ఎప్పుడొస్తుందా అని చూస్తున్న వాళ్ళకి అంతకన్నా దీపావళి ఏముంటుంది? మా వీధికి కరెంటు వచ్చిన రాత్రి పిల్లలు పళ్ళేలు వాయించుకుంటూ ఊరేగారు.

అప్పుడే వినబడింది వార్త. తెలుగు సినిమా పరిశ్రమంతా కలిసి తుపాను బాధితుల కోసం కార్యక్రమం చేస్తోందట. పేరు 'మేము సైతం'. ఆ పేరు వినగానే శ్రీశ్రీ గుర్తుకు రావడం సహజం. ఆయనది విశాఖపట్నమే కదా! నవంబరు 30, ఆదివారం, హైదరాబాదు అన్నపూర్ణా స్టూడియోస్‌లో జరుగుతుంది, జెమినీ టీవీలో పన్నెండు గంటలు వస్తుంది అన్నారు.

ఇక చూడాలి మా కుర్రకారు సందడి! అసలు తుపాను వచ్చిన రెండో రోజు నించే మా ఊళ్ళో మరో తుపాను నడుస్తోంది. ఎవరి హీరో ఎంతిచ్చాడు? పవన్ కల్యాణ్ 50 లక్షలు ప్రకటించాడని తెలియగానే ఒక జట్టు ఛాతీ విరుచుకుంది. మహేష్‌బాబు 25 లక్షలనేసరికి రెండో జట్టు లెక్కలు మొదలుపెట్టింది. తమిళం నించి సూర్య, కార్తీ కూడా విరాళం ఇచ్చారని తెలిసి, "ఆల్లకేటి సంబందమురా, అయినా ఇచ్చినారు సూడు," అని రెండు జట్లూ కలిసి మెచ్చుకున్నాయి. ఇల్లెగిరిపోయిన కుర్రాళ్ళు, పొద్దున్న పునరావాస బియ్యం కోసం వరసలో నిలబడినవాళ్ళు, సాయంత్రం రచ్చబండ మీద తమ హీరో దానగుణం గురించి కాలర్లు ఎగరేసుకున్నారు. నవ్వొస్తోంది కదూ? అభిమానమంటే అదండీ మరి!

ఆ ఆదివారం మా ఇంట్లో తిరణాలే. వీధిలో చాలా ఇళ్ళ మీద డిష్షులు గాలికి కొట్టుకుపోయాయి. మా చిన్నాన్న విజయనగరం వెళ్ళి కొత్త డిష్షు తెచ్చి, గాలి మీద నమ్మకం లేక దాన్ని కొబ్బరి తాడుతో కూడా కట్టాడు. అంచేత తొమ్మిదిన్నరకే మా ముందుగది నిండిపోయింది. ఆడవాళ్ళు కూరగాయలు, కత్తిపీటలతో సహా వచ్చేశారు. పిల్లలు టీవీకి జానెడు దూరంలో. కుర్రాళ్ళు కిటికీల దగ్గర. మా పెదనాన్న గుమ్మంలో పడక్కుర్చీ వేసుకుని, చూడనట్టే చూస్తూ కూర్చున్నాడు.

ఏం చూశామంటారా? పాటలు, డాన్సులు, స్కిట్లు, అంత్యాక్షరి, ఆటలు! సినిమాలో చూస్తే ఒక్కో హీరో ఒక్కో కోటకి రాజు. ఇక్కడ అందరూ ఒకే పందిట్లో పెళ్ళివారిలా తిరుగుతున్నారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుంటున్నారు. ఒకరి మాట మీద ఒకరు జోకులేసుకుంటున్నారు. మేకప్పు చెరిగి, చెమట పట్టి, గొంతు బొంగురుపోయిన మొహాలు ఎన్నడైనా చూశామా? రిహార్సలు లేక ఒక తార అడుగు తడబడితే, మా అత్తలు "పాపం, అలిసిపోనాది!" అని సానుభూతి చూపించారు. వెండితెర మీద దేవతలా కనిపించే మనిషి మా అత్తల చేత 'పాపం' అనిపించుకుందంటే, ఆ రోజు ఎంత దగ్గరైపోయిందో చూడండి. సినిమాకి వెళితే మూడు గంటలకి తెర దించేస్తారు. ఇక్కడ పన్నెండు గంటలు! మధ్యలో లేచి పాలు పితుక్కొచ్చినా వాళ్ళక్కడే ఉన్నారు.

మధ్యమధ్య తుపాను దృశ్యాలు చూపించేవాళ్ళు. విరిగిన చెట్లు, పడవలు, విశాఖ బీచి రోడ్డు. అప్పుడు మాత్రం మా గది నిశ్శబ్దమైపోయేది. ఎవరైనా మైకులో "విజయనగరం" అంటే పిల్లలు ఈల వేసేవాళ్ళు. "శ్రీకాకుళం" అంటే మా వదిన, ఆవిడ పుట్టిల్లు పలాస వైపు, మెడ నిటారుగా పెట్టి చూసేది.

ఇక్కడే వచ్చింది అసలు తగువు. మధ్యాహ్నం భోజనాలవేళ విరాళాలిచ్చిన వాళ్ళ పేర్లు చదువుతున్నారు. మా పెదనాన్న పడక్కుర్చీలోంచి గయ్యిమన్నాడు.

"ఆపండ్రా బాబూ! మనమేటి ముష్టెత్తుకుంటన్నామా? మన కష్టం సూపించి పేర్లు సదువుకుంటన్నారు. ఇన్నాళ్ళూ టికెట్టు కొని ఆల్లని పోసించింది మనం కాదేటి?"

గది బిగుసుకుపోయింది. ఎందుకంటే ఆ మాట చాలామంది గుండెల్లో మెదులుతున్నదే. నలభై కొబ్బరి చెట్లు పోయినవాడు ఆయన. బియ్యం వరసలో నిలబడ్డానికి మొహం చెల్లక మా అన్నయ్యని పంపించిన మనిషి. తారలంటే మాకెంత ఇష్టమో, వాళ్ళ ముందు దీనంగా కనబడ్డం అంత కష్టం. అభిమాన నటుడు మన కోసం ఆడుతున్నాడన్న సంతోషం ఒకవైపు, మనల్ని చూసి జాలిపడుతున్నాడే అన్న చిన్నతనం ఒకవైపు. రెండూ ఒకే గొంతులో అడ్డం పడితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

జవాబు చెప్పింది మా మామ్మ. చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, తలెత్తకుండానే అంది.

"ఒరే, నీ పెళ్ళికి సదివింపులు సదివినారా లేదా?"

"సదివినారు. అయితే?"

"పలానా ఆసామీ నూటపదార్లు అని మైకులో అరిసినారు కాదేటి. అప్పుడు నువ్వు ముష్టోడివైపోనావా? పుస్తకంలో రాసుకున్నాం. ఆలింట పెళ్ళయినప్పుడు తిరిగి ఏసినాం. ఇదీ అంతే. రాసుకోండర్రా పేర్లు, ఊరికే సూత్తారేటి!"

గది గొల్లుమంది. పెదనాన్న కూడా మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు. మా చెల్లి నిజంగానే లెక్కల నోటుబుక్కు తెచ్చి, వెనక పేజీలో 'మేము సైతం' అని తలకట్టు పెట్టి, టీవీలో చదివిన పేర్లు రాయడం మొదలుపెట్టింది. రాత్రి పది దాకా రాసింది! కొన్ని పేర్లకి అంకెలున్నాయి, కొన్నిటికి లేవు. ఒక పేజీలో మా చిన్నాన్న పేరు కూడా ఉంది, 'డిష్షు' అని.

లెక్క దగ్గరికొద్దాం. మీరు సినిమా కలెక్షన్ల లెక్కలు వేళ్ళ మీద చెప్పేవాళ్ళు కదా, ఈ లెక్కా వినండి. తారలతో విందుకి టికెట్లు అమ్మారు, దాతలు ఇచ్చారు, అంతా కలిపి సుమారు పదకొండున్నర కోట్ల రూపాయలు పోగయింది. పెద్ద మొత్తమే. కాని తుపాను నష్టం 21 వేల కోట్లకు పైనేనని రాష్ట్ర ప్రభుత్వం అంచనా కట్టింది. తక్షణ సాయంగా కేంద్రం ప్రకటించిందే 1000 కోట్లు. అప్పటి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల జనాభా, 2011 జనాభా లెక్కల ప్రకారం, 93 లక్షల పైచిలుకు. పదకొండున్నర కోట్లని అందరికీ పంచితే తలకి 12 రూపాయల చిల్లర వస్తుంది! ఒక టీ, ఒక బజ్జీ.

మరైతే ఈ హడావిడంతా దేనికి అంటారా? నేనూ ఆలోచించాను. ఆ 12 రూపాయలు కాదు మాకు అందింది. నెలన్నర పాటు మా ఊళ్ళు చీకట్లోనూ బురదలోనూ, ఎవరికీ పట్టనట్టు ఉన్నాయి. మొదటి వారం పేపర్లలో ఉన్నాం, రెండో వారం లోపలి పేజీల్లోకి పోయాం, మూడో వారానికి అదీ లేదు. అలాంటప్పుడు, తుపాను వచ్చిన ఏడు వారాలకి, యావత్తు తెలుగు దేశం టీవీ ముందు కూర్చుని పన్నెండు గంటల పాటు మా జిల్లాల పేర్లు వింది. కప్పు లేని ఇంట్లో పడుకునేవాడికి, 'నీ ఇంటి మీద కప్పు లేదని మాకు తెలుసు' అని ఎవరైనా అంటే కొంత వెచ్చగా ఉంటుంది. దాన్ని రూపాయల్లో కట్టలేం.

ఇక రెండో ముచ్చట. ఇది మీకు చేదుగా ఉండొచ్చు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. అదే రోజు జూనియర్ ఎన్టీఆర్ 'అరవింద సమేత' విడుదలైంది! ఊరూరా థియేటర్ల దగ్గర కటౌట్లకి పాలాభిషేకాలు జరుగుతుంటే, ఉద్దానంలో తాగడానికి నీళ్ళు లేవు. ఎన్టీఆర్ 15 లక్షలు, కల్యాణ్‌రామ్ 5 లక్షలు ఇచ్చారు. ఇంకా కొందరు తారలూ ఇచ్చారు. కాదనలేం. కాని ఆ పన్నెండు గంటల పందిరి మాత్రం మళ్ళీ వెయ్యలేదు.

మా వదిన అడిగింది. "మా ఊరికి టీవీలో పోగ్రాం లేదా?" అని. ఎవరికీ జవాబు తోచలేదు. నాకు తోచిందేమంటే, విశాఖపట్నం సినిమా వాళ్ళకి చుట్టం. 'మరోచరిత్ర' నాటి నించీ ఆ సముద్రం ఒడ్డున కెమెరా పెట్టి ఎన్ని సినిమాలు తీశారు! ఆ బీచి విరిగిపోతే తమ సెట్టు విరిగినట్టే అనిపిస్తుంది. ఉద్దానంలో షూటింగులు లేవు. చూడని చోటు మీద కన్నీరు రావడం కొంచెం కష్టం. తారల్నే అని లాభం లేదు, మనమూ అంతే.

అప్పుడు మామ్మ మా చెల్లిని పిలిచి, "ఆ సదివింపుల పుస్తకమేదే?" అంది. నాలుగేళ్ళ నాటి నోటుబుక్కు! దొరికింది. నాలుగు రోజుల్లో మా ఊరు కదిలింది. ఇంటికి రెండు శేర్ల బియ్యం, కొవ్వొత్తులు, టార్పాలిన్లు, నీళ్ళ డబ్బాలు. వ్యాను కిరాయి మా పెదనాన్నే ఇచ్చాడు. "మనకి ఏసినోలకి తిరిగి ఎయ్యలేం. పక్కోడికి ఏత్తే సెల్లయిపోద్ది," అన్నాడు, ఆ ఆలోచన తనకే పుట్టినట్టు! పవన్ జట్టూ మహేష్ జట్టూ ఒకే వ్యానెక్కాయి. కొబ్బరి చెట్టు మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు పైనే పడుతుంది. ఆ సంగతి మా ఊరి వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పడిపోయిన తోటలో నిలబడ్డ ఒక రైతు చెయ్యి పట్టుకుని పెదనాన్న ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఉండిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి కుర్రాడొకడు మమ్మల్ని ఆపి అడిగాడు. "ఏ ఊరు మీది? రాసుకుంటాం," అని.

ఆ తర్వాత అదే 'మేము సైతం' పేరు జనానికి అలవాటైపోయింది. మంచు లక్ష్మి 2016లో అదే పేరుతో జెమినీ టీవీలో కార్యక్రమం నడిపింది. అందులో తారలు ఒక పూట మామూలు మనుషుల్లా పనిచేసి, ఆ సంపాదన కష్టంలో ఉన్న కుటుంబానికి ఇచ్చేవాళ్ళు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు మన హీరోలు లక్షలు, కోట్లు ఇచ్చారు. ఆ మాట సెల్‌ఫోనులోనే క్షణంలో తెలిసిపోయింది. డబ్బు చూస్తే అప్పటి కన్నా పెద్దదే. సంతోషం. కాని వేలితో తెరని పైకి తోస్తే చాలు, ఆ వార్త పోయి మరో వార్త వస్తుంది. జనం కత్తిపీటలతో వచ్చి కూర్చుని, కలిసి పోట్లాడుకుని, కలిసి నవ్వుకుని, పేర్లు రాసుకునే వేళ ఏదీ?

అంచేత నా మనవి ఒక్కటే. మీ హీరో ఎంతిచ్చాడో తప్పకుండా చెప్పుకోండి, కాలరూ ఎగరేసుకోండి, అది మీ హక్కు. పక్కనే మీరెంత వేశారో కూడా రాసుకోండి. పదో పరకో, రెండు శేర్ల బియ్యమో. ఈ తీరంలో అక్టోబరు ఏటా వస్తుంది. ఈసారి పెళ్ళి ఎవరింటో ఎవరికి తెలుసు!